సున్నపురాయి గని, సిమెంటు ప్లాంటుకు ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు పడింది: నిర్ణయం ఢిల్లీదా, రాష్ట్రానిదా? ఏం రాసివ్వాలి?

ఇవతలి_గట్టు

పల్నాడు జిల్లాలో కృష్ణకు దగ్గరి ఊరు మాది. పేపర్లో రెండు నోటీసులు పక్కపక్కనే పడ్డాయి. ఒకటి 162 హెక్టార్ల సున్నపురాయి గనికి, రెండోది ఏడాదికి 20 లక్షల టన్నుల సిమెంటు ప్లాంటుకి. ప్రజాభిప్రాయ సేకరణ రెండింటికీ ఒకే రోజు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. చర్చ దాని మీదికి పోతే అసలు విషయం పక్కకెళ్తుంది.

ఊళ్లో ఒకరు "అంతా ఢిల్లీలోని పర్యావరణ మంత్రిత్వ శాఖ చేతుల్లో ఉంది" అంటారు, ఇంకొకరు "కలెక్టరు సంతకం పెడితే అయిపోయినట్టే" అంటారు. ఎవరిది నిజం? పర్యావరణ ప్రభావం మీద కంపెనీ ఇచ్చే రిపోర్టు ఎక్కడ దొరుకుతుంది? చుట్టుపక్కల మిర్చి, పత్తి పొలాలు. బోర్లన్నీ సున్నపురాయి పొరల్లోనే ఉన్నాయి. "మాకొద్దు" అని రాసిస్తే ఆగుతుందా, ఇంకేమైనా పద్ధతి ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

ఫైలు_నంబరు

ముందు ఎవరి పని ఏదో విడదీసుకోండి. సభ ఏర్పాటు చేసేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. కుర్చీలో కూర్చునేది కలెక్టరు, లేదా ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి. ఆర్డీఓ సరిపోరు. కానీ ఈ ఇద్దరికీ పర్యావరణ అనుమతి (అందరూ ఈసీ అనేది దీన్నే) ఇచ్చే అధికారం లేదు, ఆపే అధికారమూ లేదు. సభలో వచ్చిన మాటలు రికార్డు చేసి పైకి పంపడం వరకే వాళ్ల బాధ్యత.

పైన ఎవరన్నది 2006 సెప్టెంబరు 14న వచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్ చెబుతుంది. దానికి వెనక ఉన్న చట్టం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం. ప్రాజెక్టులు రెండు రకాలు. 'ఎ' కేటగిరీకి అనుమతి ఇచ్చేది కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ. దానికి సలహా ఇచ్చేది నిపుణుల మదింపు కమిటీ, అంటే ఈఏసీ. 'బి' కేటగిరీకి రాష్ట్ర స్థాయి సంస్థ సియా, దానికి సలహా కమిటీ సియాక్. సియా రాష్ట్రంలో కూర్చున్నా దాన్ని నియమించేది కూడా కేంద్ర మంత్రిత్వ శాఖే. దాని గడువు తీరి కొత్తది రాకపోతే 'బి' ఫైళ్లు కూడా ఢిల్లీకే పోతాయి.

మీ లెక్కకు వద్దాం. సిమెంటు ప్లాంటు ఏడాదికి 10 లక్షల టన్నులు, ఆ పైన అయితే 'ఎ'. మీది 20 లక్షలు కాబట్టి అనుమానం లేదు, ఢిల్లీ. గని సంగతి కొంచెం మెలిక. ఒకప్పుడు 50 హెక్టార్లు దాటితే ఢిల్లీకి పోయేది. 2022 ఏప్రిల్ సవరణతో బొగ్గు కాని పెద్ద ఖనిజాలకు ఆ గీత 250 హెక్టార్లకు జరిగింది. అందుకని 162 హెక్టార్లు మామూలుగా 'బి'. అయితే 'సాధారణ నిబంధన' అని ఒకటుంది. వన్యప్రాణి చట్టం కింద రక్షిత ప్రాంతం, తీవ్ర కాలుష్య ప్రాంతం, పర్యావరణ సున్నిత ప్రాంతం, రాష్ట్రాల మధ్య సరిహద్దు, వీటిలో ఏదైనా 5 కిలోమీటర్ల లోపు ఉంటే 'బి' ఫైలును కూడా ఢిల్లీలోనే పరిశీలించాలి. మీకు కృష్ణ అవతల తెలంగాణ. లీజు హద్దు రాయి నుంచి సరిహద్దు గీతకు దూరం కొలవండి, ఊరి నుంచి కాదు, ప్లాంటు గేటు నుంచి కాదు. రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే సరిహద్దు విషయంలో ఈ 5 కిలోమీటర్లను తగ్గించుకోవచ్చు, ఎత్తేయొచ్చు కూడా. అలాంటిది ఉందని ఎవరైనా అంటే కాపీ చూపించమనండి.

నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దూరం కూడా ఇదే ఊపులో చూడండి. మాచర్ల వైపు ఊళ్లకు ఇది చాలా ముఖ్యం.

ఫైలు ఎక్కడుందో తేల్చుకోవడానికి మంత్రిత్వ శాఖ వారి పరివేష్ పోర్టల్ తెరవండి. లాగిన్ అక్కర్లేదు. ప్రపోజల్ నంబరు 'ఎస్ఐఏ' అని మొదలైతే రాష్ట్రం, 'ఐఏ' అని మొదలైతే కేంద్రం, 'ఎఫ్‌పీ' అయితే అటవీ భూమి మళ్లింపు ఫైలు. అక్కడ దరఖాస్తు, టీఓఆర్ లేఖ (రిపోర్టులో ఏమేం అధ్యయనం చేయాలో చెప్పే షరతులు), లీజు హద్దుల కేఎంఎల్ (మ్యాపు) ఫైలు దొరుకుతాయి. కేఎంఎల్‌ను ఫోన్లో గూగుల్ ఎర్త్‌లో తెరిస్తే హద్దు గీత మీ పొలాల మీద కనిపిస్తుంది. దాన్ని గ్రామ సర్వేయరు దగ్గరి ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం)తో పోల్చండి. నోటీసులో లేని సర్వే నంబరు లోపలికి వచ్చిందా, వాగు పోరంబోకు కలిసిపోయిందా అన్నది అక్కడే బయటపడుతుంది.

---

ఇవతలి_గట్టు

దండాలు సార్. పోర్టల్లో రెండు నంబర్లూ 'ఐఏ' అనే ఉన్నాయి. టీఓఆర్ లేఖలు దిగాయి, కానీ రిపోర్టు లేదు. పంచాయతీ ఆఫీసులో అడిగితే తెలుగు సారాంశం పది పన్నెండు కాగితాలు చూపించారు. పూర్తి రిపోర్టు తమకు రాలేదన్నారు.

---

ఫైలు_నంబరు

రెండూ 'ఐఏ' అంటే గని ఫైలు కూడా ఢిల్లీలోనే ఉంది. రిపోర్టు ఈ దశలో పోర్టల్లో ఉండదు. ఇప్పుడున్నది ముసాయిదా. సభ అయ్యాక, అక్కడ వచ్చిన అభ్యంతరాలకు జవాబులు కలిపి తుది నివేదిక చేసి అప్పుడు ఎక్కిస్తారు. ముసాయిదా పూర్తి ప్రతి కలెక్టరు ఆఫీసు, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, స్థానిక సంస్థ, మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయం (ఆంధ్రకు విజయవాడ, తెలంగాణకు హైదరాబాద్) అన్నిచోట్లా ఉండాలి. సభ అయ్యేదాకా ఆఫీసు వేళల్లో ఎవరడిగినా చూపించాలి. సారాంశం మండలి వెబ్‌సైట్లో కూడా ఉండాలి.

పంచాయతీలో లేదన్నారు కదా, అది నోటి మాటగా వదిలేయకండి. "ఫలానా తేదీన ముసాయిదా ఈఐఏ చూడటానికి వచ్చాను, సారాంశం తప్ప పూర్తి నివేదిక అందుబాటులో లేదు" అని ఒక కాగితం రాసి కార్యదర్శికి ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోనంటే అదే కాగితం కలెక్టరు ఆఫీసు తపాలా సెక్షన్లో ఇచ్చి రశీదు తెచ్చుకోండి. రేపు హరిత ట్రైబ్యునల్ దాకా పోతే వంద ప్రసంగాల కన్నా ఆ ముద్ర పనికొస్తుంది.

ఇంకొక లెక్క. నోటీసు పేపర్లో పడ్డ తేదీకీ సభ తేదీకీ మధ్య కనీసం 30 రోజులుండాలి. ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో రావాలి. రెండు కటింగులూ తేదీ కనపడేలా దాచుకోండి.

---

బేస్‌లైన్

రిపోర్టు చేతికొచ్చాక ఎక్కడ చూడాలో చెబుతాను. తొమ్మిది వందల పేజీలు చూసి బెదిరిపోవద్దు. నోటిఫికేషన్ అనుబంధంలోనే అధ్యాయాల వరుస ఉంటుంది కాబట్టి ఏ రిపోర్టయినా దాదాపు అదే అచ్చు. 2లో ప్రాజెక్టు వివరం, 3లో ప్రస్తుత పరిస్థితి కొలతలు, 4లో రాబోయే ప్రభావాలు, 10లో నిర్వహణ ప్రణాళిక. మీకు ఈ నాలుగూ చాలు. 12లో నివేదిక తయారుచేసిన కన్సల్టెంటు వివరాలుంటాయి. ఆ సంస్థకు నాబెట్ (ఈఐఏ కన్సల్టెంట్లకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందా, ఈ రంగానికే ఉందా చూసి పక్కన పెట్టండి.

3వ అధ్యాయంలోనే ఎక్కువ తప్పులు దొరుకుతాయి. వర్షాకాలం కాని ఒక సీజన్ కొలతలు ఉంటాయి. గాలి నమూనా వారానికి రెండుసార్లు 24 గంటల చొప్పున తీస్తారు కనుక మూడు నెలలకు ఒక్కో కేంద్రంలో పాతిక దాకా అంకెలుంటాయి. నివేదిక సమర్పించే నాటికి ఈ కొలతలు 3 ఏళ్లు దాటకూడదు. గాలి వీచే దిశకు దిగువన, లీజుకు 500 మీటర్ల లోపు కనీసం ఒక కేంద్రం ఉండాలని గనుల ప్రామాణిక టీఓఆర్‌లోనే ఉంటుంది. విండ్ రోజ్ బొమ్మ చూడండి, గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చూసుకోండి, ఆ వైపు కేంద్రం ఉందా చూడండి. చాలా రిపోర్టుల్లో కేంద్రాలన్నీ రోడ్డు పక్క స్కూలు మేడలు, పంచాయతీ ఆఫీసుల మీదే ఉంటాయి, కరెంటు దొరుకుతుందని. గాలి ఎటున్నదీ పట్టించుకోరు.

పీఎం10 (గాలిలోని సన్న దుమ్ము) ప్రమాణం 24 గంటలకు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 60. ఇంకా సన్నదైన పీఎం2.5కు 60, 40. ఇప్పటికే 70, 75 ఉన్నచోట "గని వల్ల ఇంకో 3 పెరుగుతుంది, 100 లోపే" అని తేల్చేస్తారు. అడగాల్సింది ఏంటంటే, ఆ 3లో ప్లాంటు దుమ్ము కలిపారా? మీ దగ్గర గనికి ఒక ఫైలు, ప్లాంటుకు ఒక ఫైలు. గని ఫైలు పోయేది ఈఏసీ బొగ్గేతర గనుల కమిటీకి, ప్లాంటు ఫైలు పోయేది పరిశ్రమలు-1 కమిటీకి. ఒక్కో రిపోర్టూ తన దుమ్మే చూపిస్తే రెండూ ప్రమాణం లోపే ఉంటాయి, కలిపితే ఉండకపోవచ్చు. రెండు రిపోర్టుల్లోని 4వ అధ్యాయం పట్టికలు పక్కపక్కన పెట్టి మీ ఊరి వరస కూడండి. కూడికే, పెద్ద శాస్త్రం కాదు.

లారీల లెక్క కూడా చేతి వేళ్ల మీద వేయొచ్చు. 20 లక్షల టన్నులను 330 రోజులకు భాగిస్తే రోజుకు దాదాపు 6,060 టన్నులు. 30 టన్నుల లోడు చొప్పున 200 బండ్లు, రాను పోను 400 ట్రిప్పులు. లోపలికి వచ్చే బొగ్గు, జిప్సం, ఫ్లైయాష్ దీనికి అదనం. ట్రాఫిక్ అధ్యయనంలో ఇంతకన్నా బాగా తక్కువ ఉంటే మిగతాది రైల్లో పోతుందా అని అడగండి. రైల్వే సైడింగ్ మ్యాపులో ఉందా, దాని భూమి ఎవరిది?

భూ వినియోగం పటంలో ఇంకో కిటుకు. ఉపగ్రహ చిత్రం వేసవిలో తీసి ఉంటే కోత అయిన చేలన్నీ 'బీడు' రంగులో పడతాయి. చిత్రం తేదీ పటం కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ సర్వే నంబర్ల అడంగల్ తీసి పెడితే అక్కడికక్కడే తేలిపోతుంది.

నీళ్ల సంగతి మీకు అన్నిటికన్నా ముఖ్యం. పల్నాడులో ఉన్నది నార్జి సున్నపురాయి, నాపరాయి కొట్టేది అందులోనే. నీళ్లు దాని బీటల్లో, పొరల సందుల్లో నడుస్తాయి. అందుకే ఒక బోరుకు పుష్కలంగా పడి పక్క బోరు ఎండుతుంది. రిపోర్టులో గని అడుగు మట్టం సముద్ర మట్టం నుంచి ఇస్తారు, నీటి మట్టం మాత్రం నేల మీద నుంచి లోతుగా ఇస్తారు. రెండూ వేరు వేరు కొలతలు కావడంతో చదివేవాడికి పోలిక తెలియదు. ఆ బోరున్న చోట నేల మట్టం లోంచి నీటి లోతు తీసేయండి. వచ్చిన అంకె గని అడుగు మట్టం కన్నా ఎక్కువైతే గని నీటి పొరలోకి దిగుతున్నట్టే. అప్పుడు వివరమైన జలభూగర్భ అధ్యయనం ఉండి తీరాలి. పైగా మూడు నాలుగు బోర్లు చూసి ఊరంతటికీ చెప్పేస్తుంటారు, కాబట్టి మీ ఊరి బోర్ల పట్టిక మీరే వేయండి: సర్వే నంబరు, లోతు, కేసింగ్ ఎంత, మే నెలలో నీళ్లెక్కడ, నవంబరులో ఎక్కడ.

పేలుళ్లకు గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ఉంది. కంపెనీవి కాని ఇళ్ల దగ్గర నేల కంపన వేగం 8 హెర్ట్జ్ లోపు సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 దాకా 10, ఆ పైన 15 దాటకూడదు. "పరిమితుల్లోనే ఉంటుంది" అన్న వాక్యం ఒప్పుకోకండి. లీజుకు దగ్గరి ఇల్లు ఏది, ఎన్ని మీటర్లు, ఒక్కో డిలేకు (ఒకేసారి పేలే విడతకు) పేలుడు పదార్థం ఎన్ని కిలోలు అనుకుని లెక్క వేశారు? ఈ మూడూ లేకపోతే ఆ వాక్యానికి ఆధారం లేదు.

---

విసిగినోడు

ఇదంతా తంతు బాబూ. టెంట్లు వేస్తారు, బిర్యానీ పెడతారు, ముందు వరసలో మనుషుల్ని కూర్చోబెడతారు, చప్పట్లు కొట్టిస్తారు. అనుమతి ఎప్పుడో ఖాయం. సోంపేటలో జనం ఎంత మొత్తుకున్నా వినలేదు కదా?

---

చెన్నై_బెంచి

సోంపేట ఉదాహరణ మీ మాటకు ఎదురే తిరుగుతుంది. థర్మల్ ప్లాంటుకు మంత్రిత్వ శాఖ ఇచ్చిన అనుమతిని అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ 2010 జూలైలో కొట్టేసింది, కాల్పులు జరిగిన ఆ రోజుల్లోనే. బీల చిత్తడి నేలను చిత్తడి నేలగా చూపించకపోవడం ఆ వివాదానికి మూలం. అంటే కాగితం మీద నేల రకం తప్పు. పైన 'బేస్‌లైన్' గారు అడంగల్ తియ్యమన్నది అందుకే.

సభలో ఓట్లు లెక్కపెట్టరు. కోరం అనేది కూడా లేదు. వెయ్యి మంది "వద్దు" అన్నా ఒక్క వరసలో "కొందరు వ్యతిరేకించారు" అని రాస్తారు, కంపెనీ ఎదురుగా "ప్రభుత్వ నిబంధనలన్నీ పాటిస్తాం" అని నింపుతుంది. ఈ రెండు గడుల పట్టికే ఢిల్లీలో కమిటీ ముందుకు పోయేది. కాబట్టి ఎడమ గడిలో ఏం పడాలో మీరే నిర్ణయించుకోవాలి. జవాబు తప్పించుకోలేని ప్రశ్న అయితే కుడి గడి బోసిగా కనపడుతుంది. అభ్యంతరాలను ఎందుకు తోసిపుచ్చారో ఈఏసీ కారణాలు రాయాలని ఢిల్లీ హైకోర్టు 2009లో ఉత్కర్ష్ మండల్ కేసులో చెప్పింది. గోవాలోని మోపా విమానాశ్రయం కేసులో 2019లో సుప్రీంకోర్టు దరఖాస్తులో సమాచారం దాచడాన్ని తీవ్రంగా తీసుకుంది. నోటిఫికేషన్‌లోనే 8వ పేరాలో ఉంది: తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే దరఖాస్తు తిరస్కరించొచ్చు, ఇచ్చిన అనుమతి రద్దు చేయొచ్చు.

నమూనా ఒకటి రాస్తున్నాను, అంకెలు మీ రిపోర్టులోవి వేసుకోండి:

"అభ్యంతరం 1. ముసాయిదా నివేదిక పేజీ __, పట్టిక __ ప్రకారం గాలి నాణ్యత కేంద్రాలు మొత్తం __. పేజీ __లోని విండ్ రోజ్ ప్రకారం గాలి ప్రధానంగా __ నుంచి __ వైపు వీస్తోంది. ఆ దిశలో లీజుకు 500 మీటర్ల లోపు ఒక్క కేంద్రమూ లేదు. ఇది టీఓఆర్ షరతు __కు విరుద్ధం. ఆ వైపున మా గ్రామ మిర్చి కల్లాలు సర్వే నంబర్లు __లో ఉన్నాయి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కాయ ఆరుబయట ఆరుతుంది. కాయ మీద పడే దుమ్ముపై నివేదికలో అంచనా లేదు. ఆ కేంద్రంలో కొత్తగా ఒక సీజన్ కొలతలు తీసి, కల్లాల ప్రభావం చేర్చి నివేదికను సవరించాలని, అంతవరకు మదింపు చేపట్టవద్దని కోరుతున్నాం."

ఒక అభ్యంతరానికి ఒక కాగితం. పదిమంది పది విషయాలు పంచుకోండి. ఒకే ఉత్తరానికి ఐదువందల జిరాక్సులు తీసి సంతకాలు పెట్టిస్తే అది లెక్కకు ఒక్క అభ్యంతరమే. ఈ తప్పు ప్రతి ఊళ్లోనూ జరుగుతుంది.

---

ఆవలి_గట్టు

అన్నా, మాది నదికి ఇటు పక్క, సూర్యాపేట జిల్లా. గాలి మా దిక్కే కొడ్తది. సభ మాత్రం ఆంధ్రల పెడ్తున్నరు. మేం అచ్చి మాట్లాడొచ్చా, లేకుంటే "మీరు వేరే రాష్ట్రం" అని ఎల్లగొడ్తరా?

---

ఫైలు_నంబరు

నిరభ్యంతరంగా రండి. సభాస్థలిలో ఉన్న ప్రతి మనిషికీ వివరణ అడిగే అవకాశం ఇవ్వాలని నోటిఫికేషన్ నాలుగో అనుబంధంలో ఉంది. అధ్యయన ప్రాంతం లీజు హద్దు నుంచి 10 కిలోమీటర్లు. మీ ఊరు ఆ వలయంలో ఉంటే మీరు ప్రభావితులే. రిపోర్టులో 10 కిలోమీటర్ల గ్రామాల జాబితా ఉంటుంది, అందులో మీ ఊరి పేరు లేకపోతే మొదటి అభ్యంతరం అదే. నది దగ్గర గీసిన వలయాల్లో అవతలి గట్టు ఊళ్లు తెల్లగా వదిలేయడం అరుదేమీ కాదు.

సభ రోజు గమనించాల్సినవి. ముందు కంపెనీ ప్రతినిధి ప్రాజెక్టు గురించి, సారాంశం గురించి చెప్పాలి. తర్వాత జనం. మొత్తం వీడియో తీయాలి. మైకు దగ్గర పేరు, ఊరు, "నేను రాతపూర్వకంగా ఇస్తున్న కాగితంలో ఇన్ని పేజీలున్నాయి" అని చెప్పి కాగితం మండలి అధికారికి ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర అడగండి. మూడు నిమిషాల్లో అంతా చెప్పాలని చూడొద్దు, వీడియోలో మీ పేరు, పేజీల సంఖ్య పడితే చాలు.

అసలైనది చివర్లో ఉంటుంది. అందరూ భోజనాలకు లేచిపోయే సమయమది. సభలో వచ్చిన మాటల సారాంశం తెలుగులో చదివి వినిపించాలి, ఒప్పుకున్న మినిట్స్ మీద కలెక్టరు ఆ రోజే సంతకం పెట్టాలి. నలుగురు చివరిదాకా కూర్చోండి. మీ అభ్యంతరం చదవలేదంటే అక్కడే లేచి "బోర్ల విషయం రాలేదు, చేర్చండి" అనండి. చదవకుండా ముగిస్తే ఆ మాటే మరుసటి రోజు కలెక్టరుకూ మండలికీ రాసి పంపండి. మినిట్స్ పంచాయతీలో, జిల్లా పరిషత్‌లో, మండలి వెబ్‌సైట్లో పెట్టాలి. సభ ముగిసిన 8 రోజుల్లో మంత్రిత్వ శాఖకు చేరాలి.

గొడవ చేసి సభ ఆపాలని కొందరు యువకులు అంటుంటారు. దానివల్ల మీకే నష్టం. స్థానిక పరిస్థితుల వల్ల సభ పెట్టలేమని మండలి నివేదిస్తే, సభ లేకుండానే ముందుకు పోయే వెసులుబాటు అదే నోటిఫికేషన్‌లో ఉంది.

---

బేస్‌లైన్

ఒకటి మర్చిపోయాను. "ఊరికి రోడ్లు వేస్తాం, ఉద్యోగాలిస్తాం" అన్నప్పుడు చప్పట్లు కొట్టి వదిలేయకండి. ఇంతకుముందు పెట్టుబడిలో ఇంత శాతం అని ఒక నిధి చూపించేవారు. 2020 సెప్టెంబరు 30 నాటి మంత్రిత్వ శాఖ మెమోరాండం తర్వాత డబ్బు కాదు, సభలో ఇచ్చిన హామీలను భౌతిక పనులుగా నిర్వహణ ప్రణాళికలో చేర్చి ఈఏసీ షరతుగా పెట్టాలి. కాబట్టి కొలతతో అడగండి: ఏ రోడ్డు, ఎన్ని మీటర్లు, ఏ ఏడాది లోపు. గని చుట్టూ ఎన్ని పీజోమీటర్లు (నీటి మట్టం కొలిచే బోర్లు), ఏ సర్వే నంబర్లో, రీడింగులు నెలనెలా పంచాయతీ బోర్డు మీద పెడతారా? కొలత లేని హామీ షరతుగా మారదు, షరతు కానిదాన్ని తర్వాత ఎవరూ తనిఖీ చేయరు.

---

క్లింకర్

శాఖ పేరులో వాతావరణ మార్పులు కూడా ఉన్నాయి కాబట్టి ఆ కోణం గురించి రెండు మాటలు. సున్నపురాయిని కాల్చి సున్నంగా మార్చేటప్పుడే రాయిలోంచి బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ఇంధనం సంగతి పక్కన పెట్టినా టన్ను క్లింకరుకు (పొడి చేస్తే సిమెంటయ్యే కాల్చిన ముడిసరుకు) అర టన్నుకు కాస్త ఎక్కువే. ఈఐఏలో దీనికి ఒక పేరా దక్కితే గొప్ప. 2025 అక్టోబరులో ఇదే మంత్రిత్వ శాఖ సిమెంటు, అల్యూమినియం లాంటి రంగాల్లోని యూనిట్లకు ఉద్గార తీవ్రత లక్ష్యాల నియమాలు నోటిఫై చేసింది. అయితే అవి పేరుపేరునా జాబితాలో ఉన్న యూనిట్లకు టన్ను ఉత్పత్తికి ఇంత అని పెట్టిన లక్ష్యాలు, కొత్త ప్లాంటు ఎక్కడ పెట్టాలో వద్దో చెప్పేవి కావు. సభలో కార్బన్ మీద మాట్లాడితే ఉన్న మూడు నిమిషాలూ పోతాయి. రాసిచ్చే కాగితాల్లో ఒకదానిలో అడగండి: వృథా వేడితో కరెంటు తీసే యూనిట్ మొదటి రోజు నుంచే ఉంటుందా, సిమెంటులో క్లింకరు శాతం ఎంత?

దుమ్ముకు పనికొచ్చేది ఇంకోటి. కిల్న్ (రాయి కాల్చే కొలిమి) చిమ్నీకి దుమ్ము పరిమితి ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములు. ఆన్‌లైన్ మీటరు రీడింగ్ కాలుష్య మండలి సర్వరుకు పోతుంది. ఆ రీడింగ్ గేటు బయట డిస్‌ప్లే బోర్డు మీద కూడా కనపడాలని షరతు కోరండి. కిల్న్ వెలిగించేటప్పుడు, ఆపేటప్పుడు అంకెలు ఎగిరిపోతాయి, రాత్రిపూట ఊరి మీద తెల్లటి పొర పడేది ఎక్కువగా అప్పుడే.

---

ఇవతలి_గట్టు

చాలా ఉపయోగపడింది, అందరికీ దండాలు. రెండు సందేహాలు మిగిలాయి. ఇప్పటికే జేసీబీలు వచ్చి ఒక మూల చదును చేస్తున్నాయి, ఇది తప్పు కాదా? సభ అయ్యాక మాకు ఎవరూ ఏమీ చెప్పరు, అనుమతి వచ్చిందో లేదో తెలిసేదెలా?

---

చెన్నై_బెంచి

తప్పే. భూమిని భద్రపరుచుకోవడం, అంటే కంచె లాంటివి తప్ప, ఈసీ లేకుండా నిర్మాణం గానీ నేల సిద్ధం చేయడం గానీ కుదరదు. తేదీ, అక్షాంశ రేఖాంశాలు పడేలా ఫొటోలు తీయండి. చదును చేస్తున్న చోటు కేఎంఎల్ గీతలో లోపలుందని చూపించి మంత్రిత్వ శాఖ విజయవాడ కార్యాలయానికీ, మండలికీ పంపండి. 2024 ఏప్రిల్ 1 నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు జైలు బదులు 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా విధించే పద్ధతి వచ్చింది. పని మొదలుపెట్టేసి తర్వాత అనుమతి తెచ్చుకునే దారిని సుప్రీంకోర్టు 2025 మేలో వనశక్తి కేసులో మూసేసింది గానీ, అదే ఏడాది నవంబరులో 2-1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. కాబట్టి "పని మొదలెట్టారు, ఇక అనుమతి రాదు" అనే ధీమా వద్దు. ఫొటోలు ఇప్పుడే పంపండి.

రెండోది. తుది నివేదిక అందాక ఈఏసీకి 60 రోజులు, ఆ తర్వాత మంత్రిత్వ శాఖకు 45 రోజులు గడువు. ఈఏసీ ఎజెండా సమావేశానికి ముందే పరివేష్‌లో పడుతుంది. వారానికోసారి మీ రెండు నంబర్లూ వెతకండి. ఎజెండాలో కనపడగానే ఆ కమిటీ సభ్య కార్యదర్శికి ఈమెయిల్ పెట్టండి: సభలో ఇచ్చిన కాగితాలు, వాటికి తుది నివేదికలో వచ్చిన జవాబు, ఆ జవాబు ఎందుకు చాలదు. రెండు పేజీలు దాటొద్దు. కమిటీ ఇలాంటి వినతుల మీద కంపెనీని వివరణ అడిగిన సందర్భాలు మినిట్స్‌లో కనిపిస్తాయి. ఫైలు నోట్స్ కావాలంటే కేంద్ర ఆర్టీఐ పోర్టల్లో 10 రూపాయలతో అడగొచ్చు, మండలి కాగితాలకు రాష్ట్రంలో విడిగా వేయాలి.

అనుమతి వచ్చాక 7 రోజుల్లో కంపెనీ రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి, లేఖ కాపీ పంచాయతీకి ఇవ్వాలి. మీరు మాత్రం దానికోసం ఎదురుచూడకండి. జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం 16వ సెక్షన్ కింద అప్పీలుకు 30 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 60. మొత్తం 90 దాటితే ఒక్క రోజు ఆలస్యమైనా ట్రైబ్యునల్‌కు మన్నించే అధికారం లేదు. గడియారం మొదలయ్యేది ఉత్తరం మీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు, వెబ్‌సైట్‌లోనో పత్రికలోనో ముందుగా వెలువడ్డ రోజు నుంచే అని అవతలి పక్షం వాదిస్తుంది, గెలుస్తుంది కూడా. ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ బెంచి చెన్నైలో ఉంది, ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు. పరిహారం అడగకపోతే రుసుము వెయ్యి రూపాయలు.

రెండు ఫైళ్లు కాబట్టి రెండు ఈసీలు వస్తాయి, తేదీలు వేరు వేరు, గడువులూ వేరు వేరు. ప్లాంటుకు అప్పీలు వేసి గనిది మరిచిపోవడం బాగా జరిగే పొరపాటు. అభ్యంతరం కాగితాలు కూడా ఇప్పటి నుంచే రెండు కట్టలుగా ఉంచండి, ప్రతి పేజీ మీద ఆ ఫైలు ప్రపోజల్ నంబరు వేసి.